‘ఇప్పుడే కాదు’: ఆడ్రె లార్డ్‌ని మళ్ళీ చదువుతూ

ఆడ్రె లార్డ్ ‘ది కాన్సర్ జర్నల్స్’ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి 1990లలో, ఒక సెమినార్ పేపర్ కోసం. హైదరాబాద్‌లో ఒక లైబ్రరీలో పుస్తకం దొరికితే జిరాక్స్ తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని తెచ్చుకున్నాను. ఎర్రపెన్నుతో గీతలు గీశాను. అంచుల్లో ‘నిరాకరణ’, ‘ప్రతిఘటన’ అని రాసుకున్నాను. పేపర్ బాగుందన్నారు. రెండోసారి చదివేనాటికి నాకు ఎడమ రొమ్ము లేదు. ఆ చోట చర్మం కింద సగం నిండిన సిలికాన్ సంచీ ఒకటి వుంది. దాన్ని పూర్తిగా నింపించుకోవాలా, తీయించెయ్యాలా అన్నది తేల్చుకోలేక ఆ పుస్తకం కోసం బీరువా అంతా వెతికాను.

ఈసారి నా ఎర్రగీతలు నాకే అడ్డం వచ్చాయి. నేను గీత గీసిన వాక్యాలన్నీ కోపంగా, గట్టిగా వున్నవి. గీత గీయకుండా వదిలేసిన పేజీల్లో ఒక మనిషి తనకి కాస్త టైము ఇమ్మని అడుగుతోంది. పాతికేళ్ళుగా ఈ పుస్తకాన్ని మనం తప్పుగా చదివామని నేననడం లేదు. సగమే చదివామేమో అనిపిస్తోంది.

లార్డ్ గురించి ఇక్కడ కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. నల్లజాతి కవయిత్రి, లెస్బియన్, ఇద్దరు పిల్లల తల్లి, న్యూయార్క్‌లో అధ్యాపకురాలు. 1978 సెప్టెంబర్‌లో, 44 ఏళ్ళ వయసులో ఆమెకి ఒక రొమ్ము తీసేశారు. పుస్తకం 1980లో వచ్చింది. చిన్నది. ఒక ముందుమాట, మూడు వ్యాసాలు. మొదటిది, మౌనం గురించి 1977 డిసెంబర్‌లో చేసిన ప్రసంగం. అప్పటికి కాన్సర్ లేదు. రొమ్ములో కనిపించిన గడ్డ ప్రమాదం లేనిదని తేలిన కొత్తలో మాట్లాడిన మాటలవి. రెండోది ఆపరేషన్ నాటి అనుభవం. మూడోది కృత్రిమ రొమ్ము వెనకున్న రాజకీయాల గురించి. ముందుమాటలో 1979, 80లలో రాసుకున్న డైరీ ముక్కలున్నాయి. సెమినార్లలో మనం ఎక్కువగా చెప్పుకునేది మొదటిదీ మూడోదీ.

అందరికీ గుర్తుండే ఘట్టాలు రెండు. ఆపరేషన్ అయిన రెండు రోజులకి ‘రీచ్ టు రికవరీ’ అనే సంస్థ తరఫున ఒక వాలంటీరు వస్తుంది. తనకీ రొమ్ము తీసేసిన మనిషే, మంచి మనిషే. లేత గులాబీరంగు మెత్త ఒకటి తెచ్చి, ఇది బ్రాలో పెట్టుకుంటే ఎవరికీ తేడా తెలియదంటుంది. మగవాళ్ళ గురించి మాట్లాడుతుంది. లార్డ్ ఆ మెత్తని పెట్టుకుని చూసుకుంటుంది. అది ఆమె ఒంటిమీద ఒక పక్కకి ఒరిగిపోయి, రంగు కలవక, ఎవరిదో వస్తువు తెచ్చి అతికించినట్టు వుంటుంది. ‘చర్మపు రంగు’ అంటే ఎవరి చర్మపు రంగు అన్న ప్రశ్నని అంత తక్కువ మాటల్లో అడిగిన చోటు నేను ఇంకెక్కడా చూడలేదు.

రెండో ఘట్టం, పది రోజుల తర్వాత కుట్లు విప్పించుకోవడానికి డాక్టర్ దగ్గరకి వెళ్ళినప్పటిది. తలస్నానం చేసి, ముస్తాబై, బతికి బయటపడ్డానన్న సంతోషంతో వెళ్తుంది. ఒకవైపు చదునుగానే వుంచుకుని వెళ్తుంది. నర్సు చూసి, పెట్టుకోలేదేం అని అడుగుతుంది. పెట్టుకుంటే నీకే బాగుంటుందంటుంది. అలా రావడం ఇక్కడికొచ్చే మిగతావాళ్ళ మనోధైర్యానికి మంచిది కాదని కూడా అంటుంది. కన్ను పోగొట్టుకుని నల్లపట్టీతో తిరిగిన ఇజ్రాయెల్ నాయకుడు మోషే దయాన్‌ని ఎవరూ గాజుకన్ను పెట్టుకోమనలేదు కదా అని లార్డ్ వాదన. ఆయన పట్టీ యుద్ధవీరుడి గుర్తు అయింది. ఈమె చదును ఛాతీ క్లినిక్ మర్యాదకి భంగం అయింది.

మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ నాకు కనిపించింది పితృస్వామ్యం. అది వుంది, కాదనను. రెండోసారి నా కళ్ళు ఆగింది అంకెల దగ్గర. రెండు రోజులు. పది రోజులు. గాయం ఇంకా పచ్చిగానే వుంది, పోయినదాని కోసం ఏడవడానికి కూడా మనిషికి తీరిక దొరకలేదు, అప్పటికే దాని బదులు వస్తువు మంచం పక్కకి వచ్చేసింది. లార్డ్ అభ్యంతరంలో అసలు బలం ఈ తొందర మీద వుంది. ఎవరికీ తేడా తెలియదు అనే ఓదార్పు ముందు ఆ స్త్రీకే తేడా తెలియకుండా చేస్తుందని ఆమె భయం. పోయిందని ఒప్పుకునేలోపే పోలేదని నమ్మమంటున్నారు. దుఃఖపడే వ్యవధి దొరికిన మనిషి ఆ తర్వాత ఏం చేసుకుంటుందన్నది వేరే సంగతి. ప్రతి స్త్రీ తన బతుకు నేర్పిన పద్ధతిలోనే ఈ కష్టాన్ని ఎదుర్కొంటుందన్న ఎరుక ముందుమాట మొదట్లోనే వుంది. నేను దాని కింద గీత గీయలేదు.

ఆ ఎరుక మూడో వ్యాసం దాకా నిలబడిందా అంటే, నిలబడలేదనే చెప్పాలి. అక్కడ లార్డ్ గొంతు మారిపోతుంది. కృత్రిమ రొమ్ము పెట్టుకునే ఆడవాళ్ళ మీద, సిలికాన్‌ని శరీరం లోపలే పెట్టే శస్త్రచికిత్స మీద ఆమె కోపం ఎంత వేగంగా పోతుందంటే, దాన్ని ఎంచుకున్న స్త్రీ ఆ దారిలో ఎక్కడో నలిగిపోతుంది. ఒంటి రొమ్ము ఆడవాళ్ళంతా సైన్యంలా కదిలి, పశువుల దాణాలో కలిపే హార్మోన్లని నిషేధించమని అమెరికన్ కాంగ్రెస్ మీదకి వెళ్తే ఎలా వుంటుందని ఆమె ఊహిస్తుంది. గొప్ప ఊహ. అందరూ కృత్రిమ రొమ్ములు పెట్టుకుంటే ఒకరినొకరు గుర్తుపట్టలేరు, జట్టు కట్టలేరు అన్న తర్కమూ సరైనదే. కానీ సైన్యంలో చేరాలంటే ముందు నిర్ణయం అయిపోయి వుండాలి. తేల్చుకోలేనివాళ్ళకి అందులో చోటు లేదు. డైరీ ముక్కల్లో చోటుంది. ఆపరేషన్ అయిన నెలల తర్వాత కూడా భయం, అలసట, ఏ పనీ ముందుకు సాగని రోజులు అందులో వున్నాయి. వ్యాసకర్తకి వున్నంత స్పష్టత డైరీ రాసుకున్నామెకి లేదు. ఇద్దరూ ఒకే అట్టల మధ్య వుండటమే ఈ పుస్తకం గొప్పదనం అని నాకిప్పుడు అనిపిస్తుంది.

లార్డ్ తర్వాత వచ్చిన బొమ్మలు కూడా యోధురాలి వైపే మొగ్గాయి. కవయిత్రి డీనా మెట్జ్‌గర్ 1977లో రొమ్ము తీయించుకుని, మచ్చ మీద కొమ్మని పచ్చబొట్టు పొడిపించుకుని, చేతులు ఆకాశానికి చాచి తీయించుకున్న ఫొటో పోస్టరై లోకమంతా తిరిగింది. 1993 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రిక ముఖచిత్రంగా మతూష్కా అనే కళాకారిణి తన సొంత ఫొటో వేసింది. తెల్లగౌను ఒకవైపు తెరిచి, మచ్చని సూటిగా చూపించింది. దాన్ని చూసి ఎంతమంది కోప్పడ్డారో అంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఈ రెండు బొమ్మలూ లేకపోతే నాలాంటివాళ్ళకి మచ్చ ఎలా వుంటుందో కూడా ముందుగా తెలిసేది కాదు. అయినా వాటి ముందు నిలబడితే నేను చిన్నబోతాను. నేను చేతులు ఆకాశానికి చాచలేదు. నాకు చెయ్యి భుజం దాకా లేవడానికే రెండు నెలలు పట్టింది.

సూసన్ సొంటాగ్ దీనికి పూర్తిగా అవతలి ఒడ్డు. ఆమెకీ 1970లలోనే రొమ్ము తీసేశారు. 1978లో జబ్బుకి తగిలించే ఉపమానాల మీద ఒక పుస్తకం మొత్తం రాసి, అందులో తన ఒంటి గురించి ఒక్క మాట రాయలేదు. యుద్ధభాషని జబ్బు నుంచి తొలగించమని ఆమె వాదన. మన దినపత్రికలు ‘కాన్సర్‌ని జయించిన వీరవనిత’ అని శీర్షిక పెట్టినప్పుడల్లా నాకు సొంటాగ్ గుర్తొస్తుంది. జయించని వాళ్ళు సరిగ్గా పోరాడలేదనా? కానీ తన గురించి చెప్పకపోవడంలో ఆమె నాకు దూరమైపోతుంది. లార్డ్ ఎంత కోప్పడినా దగ్గరగా వుంటుంది.

వద్దన్నవాళ్ళ సాహిత్యం వుంది. కట్టించుకుని సంతోషంగా వున్నామని రాసినవాళ్ళ పుస్తకాలూ కొల్లలు. ఆ సంతోషం ఎంత నిర్బంధంగా తయారైందో బార్బరా ఎరెన్‌రైక్ 2001లో హార్పర్స్ పత్రికలో రాసిన వ్యాసం చదివితే తెలుస్తుంది. గులాబీ రిబ్బన్లు, టెడ్డీబేర్‌లు, ఎప్పుడూ నవ్వుతూ వుండాలన్న ఒత్తిడి చూసి ఆమెకి కాన్సర్ కంటే వాటి మీదే ఎక్కువ కోపం వచ్చింది. మరి ‘ఇప్పుడే కాదు’ అన్నవాళ్ళు? మొదలుపెట్టి సగంలో ఆపేసినవాళ్ళు? వాళ్ళు ఆసుపత్రి కాగితాల్లో వుంటారు. ‘పేషెంట్ ఫాలో అప్‌కి రాలేదు’ అని.

నా సంగతి చెప్తాను. 2011లో బయాప్సీ రిపోర్టు వచ్చినదానికీ ఆపరేషన్‌కీ మధ్య నాలుగు రోజులు. సర్జన్ చిన్నవాడు, నెమ్మదస్తుడు. “ఒకేసారి అయిపోతుంది మేడమ్. మీరు లేచేసరికి ఏదో పోయినట్టే వుండదు” అన్నాడు. సంతకం పెట్టాను. పోయినట్టు వుండకపోవడం ఎంత పెద్ద లోటో నాకప్పుడు తెలీదు.

అసలు ఆ పద్ధతి ఏమిటంటే, ఛాతీ కండరం కింద ఖాళీ సంచీ ఒకటి పెడతారు. దాన్ని ఎక్స్‌పాండర్ అంటారు. కుట్లు మానాక వారానికో రెండు వారాలకో వెళ్తే పైనుంచి సూది గుచ్చి కొంచెం కొంచెంగా సెలైన్ ఎక్కిస్తారు. చర్మం సాగుతుంది. చాలినంత సాగాక మళ్ళీ ఆపరేషన్ చేసి, సంచీ తీసి ఇంప్లాంట్ పెడతారు. చనుమొన కావాలంటే అది ఇంకో విడత. ఒకేసారి అన్నది ఎక్కడా లేదు. ఇంప్లాంట్ కూడా జీవితాంతం వుండే వస్తువు కాదు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. రేడియేషన్ తీసుకున్న చోట అయితే దాని చుట్టూ కణజాలం గట్టిపడి బిగుసుకుపోయే ప్రమాదం మరీ ఎక్కువ. పొట్ట దగ్గర నుంచి చర్మం, కొవ్వు తీసి కట్టే పద్ధతి వేరే వుంది. అది పెద్ద ఆపరేషన్, గాయాలు రెండు చోట్ల. ఇవన్నీ డాక్టర్లు దాచిపెట్టిన రహస్యాలేం కాదు. నాలుగు రోజుల్లో తలకెక్కే విషయాలు కావు, అంతే.

మూడుసార్లు నింపారు. కీమో మొదలైంది, ఆపారు. తర్వాత రేడియేషన్. తర్వాత “ఇక మిగతాది మొదలుపెడదామా” అని ఫోన్లు. వచ్చే నెల, వచ్చే నెల అంటూ పద్నాలుగు నెలలు ఆ సగం సంచీని మోశాను. చలికాలం పొద్దున్నే అది నాకంటే చల్లగా వుండేది. బస్సు కుదుపుకి నాకు తెలియకుండా చెయ్యి అక్కడికి పోయేది. మా ఆడపడుచు ప్రేమ కొద్దీ అనేది, “ఇంతదూరం వచ్చాక మధ్యలో ఆపేస్తారేంటి వదినా, ఇంకొక్క ఆపరేషనేగా” అని. ఆ ‘ఇంకొక్కటి’ అన్న మాట ఆడవాళ్ళకి ఎంత అలవాటైనదో! ఇంకొక్క కాన్పు. ఇంకొక్క ఏడాది సర్దుకోవడం. మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. మొదలుపెట్టిన పని ముగించడం మంచి లక్షణమని మా అందరికీ చిన్నప్పుడే నేర్పారు. అన్నం వండుతూ మధ్యలో పొయ్యి ఆర్పేసినట్టు చూశారు నన్ను.

2013లో తీయించేశాను. చిన్న ఆపరేషనే. “సగంలో వదిలేస్తున్నారమ్మా” అన్నాడు సర్జన్, నిజంగానే బాధపడుతూ. అతను తన పని సగంలో ఆగిపోయిందని చూశాడు. నాకు మాత్రం నా దుఃఖం అప్పుడే మొదలైంది. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చుని, రెండేళ్ళ క్రితం ఏడవాల్సిన ఏడుపు ఏడ్చాను. లార్డ్ అడిగిన వ్యవధి ఇదేనా అని పుస్తకం మళ్ళీ తీశాను.

ఆగడం అన్నిసార్లూ స్త్రీ చేతిలో వుండదని కూడా చెప్పాలి. 2016లో న్యూయార్క్ టైమ్స్ రాసిన ఒక కథనంలో, పునర్నిర్మాణం వద్దు, ఛాతీ చదునుగా వుంచండి అని ముందే చెప్పిన కొందరు స్త్రీలు మత్తు దిగి చూసుకునేసరికి వదులు చర్మం వేలాడుతోంది. మనసు మార్చుకుంటారేమోనని వుంచామన్నారట సర్జన్లు. ఇది కూడా ‘ఇప్పుడే కాదు’నే! కాకపోతే స్త్రీ ‘వద్దు’ అంటే డాక్టర్ దాన్ని ‘తర్వాత’ అని తర్జుమా చేసుకున్నాడు. నేను ‘తర్వాత’ అంటే ‘త్వరలో’ అని అర్థం చేసుకున్నారు. చదునుగా, ముడతలు లేకుండా కుట్టడం అనే పనికి అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ తన నిఘంటువులో ఒక పేరంటూ చేర్చింది 2020లో. పునర్నిర్మాణానికి బీమా డబ్బు తప్పనిసరిగా ఇవ్వాలని అదే దేశం 1998లోనే చట్టం చేసింది. కట్టించుకునే హక్కుకీ కట్టించుకోకపోవడానికి వుండాల్సిన మాటకీ మధ్య 22 ఏళ్ళు. ఈ లోపల 2019లో, ఒక రకం గరుకు ఇంప్లాంట్లకీ అరుదైన లింఫోమాకీ సంబంధం వుందని తేలి, అలర్గాన్ కంపెనీ వాటిని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. తొందరపడని వాళ్ళది పిరికితనం అనుకున్నవాళ్ళు ఇది కూడా గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

ఒక జాగ్రత్త. రీకన్‌స్ట్రక్షన్ ఆపడం వేరు, చికిత్స ఆపడం వేరు. నవలా రచయిత్రి కేతీ యాకర్ రెండు రొమ్ములూ తీయించుకుని, కీమో వద్దని, 1997లో చనిపోయింది. ఆమెనీ నన్నూ ఒకే వాక్యంలో ‘వైద్యాన్ని ధిక్కరించిన స్త్రీలు’ అంటే నేనొప్పుకోను. నేను మందులన్నీ గడియారం చూసి మింగాను.

మనవైపు ఈ చర్చ ఎక్కడుంది? జయప్రభ ‘పైటను తగలెయ్యాలి’ అన్నప్పుడు ఎంత గొడవైందో మనకి తెలుసు. రొమ్ము మీద లోకం చూపునీ ఆ చూపుకి భయపడి కప్పుకునే బట్టనీ ఒకేసారి నిలదీసిన కవిత అది. దాన్ని క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పాను. ఆపరేషన్ అయ్యాక అదే పైటని ఇంకో మడత వేసి పిన్ను పెట్టుకుని క్లాసుకి వెళ్ళాను. తెలుగు ఆడవాళ్ళకి గులాబీరంగు మెత్తలు తెచ్చే వాలంటీర్లు అక్కర్లేదు, చీర ఆ పని చేసేస్తుంది. ఎవరికీ తేడా తెలియలేదు. స్టాఫ్‌రూమ్‌లో పక్కన కూర్చునే ఆమెకి కూడా తెలియలేదు. ఆమెకీ అయిందని నాకు మూడేళ్ళ తర్వాత తెలిసింది. ఇద్దరం ఒకే బల్ల దగ్గర, ఒకే రకంగా పైట సర్దుకుంటూ మూడేళ్ళు! గుర్తుపట్టుకోలేకపోవడం గురించి లార్డ్ చెప్పింది నాకు ఆ రోజు అర్థమైంది. అయినా పైట నాకు ఆ మూడేళ్ళూ ఒక చాటు ఇచ్చింది. చాటున కూర్చుని తేల్చుకోవడానికి వీలైంది. తగలెయ్యాలన్నదాంట్లో న్యాయం వుంది. నాకిప్పటికీ దాన్ని తగలెయ్యబుద్ధి కాదు. ఈ రెండిటినీ ఎలా కలపాలో నాకు తెలియదు.

ఇంకొకరు కూడా వదలకుండా వెంటబడుతున్నారు. మహాశ్వేతాదేవి ‘స్తనదాయిని’లో జశోద. డబ్బున్నవాళ్ళ ఇంటి పిల్లలందరికీ పాలిచ్చి బతికిన మనిషి. చివరికి ఆ రొమ్ముకే కాన్సర్ వచ్చి, పాలు తాగిన ఒక్క బిడ్డా పక్కన లేకుండా ఆసుపత్రిలో చనిపోతుంది. జశోదకి రొమ్ము అందం కాదు, ఆడతనపు గుర్తు కూడా కాదు. జీవనాధారం. కట్టించుకోవాలా మానాలా అన్న ప్రశ్న ఆమె దాకా రానే రాలేదు, వైద్యమే ఆలస్యంగా వచ్చింది. ‘ఆలస్యం’ అన్న మాటకి మన దేశంలో మొదటి అర్థం అది. గడ్డ తగిలినా ఇంట్లో చెప్పుకోలేక, చెప్పినా పంటల తర్వాత చూద్దామనిపించుకుని, ముదిరాక వచ్చే ఆడవాళ్ళ ఆలస్యం. నేను మాట్లాడుతున్న ఆలస్యం జీతం, సెలవు, బీమా వున్న దానికి దొరికింది. అది తెలిసే రాస్తున్నాను. సెలవు దొరకని ఆడవాళ్ళు అమెరికాలోనూ వున్నారు. 2019లో వచ్చిన ‘ది అన్‌డైయింగ్’లో కవయిత్రి యాన్ బోయర్, రెండు రొమ్ములూ తీసేసిన రోజే ఆసుపత్రి నుంచి పంపేయడం గురించీ, సెలవు లేక పదిరోజులకే ఒంటికి కుట్టిన డ్రెయిన్ సంచులతో క్లాసు చెప్పడం గురించీ రాసింది. మళ్ళీ అవే పది రోజులు. లార్డ్‌కి పది రోజుల్లో రొమ్ము కావాలన్నారు. బోయర్‌కి పది రోజుల్లో పని కావాలన్నారు.

ఈమధ్య మా పాత విద్యార్థిని ఫోన్ చేసింది. ఇప్పుడు తనూ లెక్చరరే. గొంతు సన్నగా వుంది. “మేడమ్, వచ్చేవారం ఆపరేషన్. అప్పుడే కట్టించుకోవాలా, తర్వాతా అని అడుగుతున్నారు. శుక్రవారం లోపల చెప్పాలట. మీరు క్లాసులో ఒక పుస్తకం గురించి చెప్పేవారు కదా” అంది. తర్వాత కట్టించుకోవడానికి కూడా అవకాశం వుంటుందా అని డాక్టర్‌నే సూటిగా అడగమన్నాను. శుక్రవారం అని ఎవరు పెట్టారో కూడా అడగమన్నాను. సాయంత్రం వాళ్ళాయన వచ్చి జిరాక్స్ కాపీ తీసుకెళ్ళాడు. ఎర్రగీతలు పట్టించుకోవద్దనీ, మూడో వ్యాసం ముందు తెరవకుండా డైరీ పేజీలతో మొదలుపెట్టమనీ చీటీ రాసి లోపల పెట్టాను.